గుట్ట స్టేషన్ నుంచి జవాబు లేదు

స్టేషన్ మామ చనిపోయారు. ఈ మాట రాసి, సరిగ్గానే రాశానా అని మళ్ళీ చదువుకున్నాను.

పోయిన ఆదివారం పొద్దున గోడ అవతలి నుంచి మామ భార్య, అత్త, నన్ను పేరు పెట్టి పిలిచింది. పిలుపులో తేడా ఏమీ లేదు. చక్కెర కావాలన్నా ఆమె అట్లాగే పిలుస్తుంది. చేతికి అంటిన పిండితోనే వెళ్లాను. మామ వరండాలో కుర్చీలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఒక కాలికి బూటు ఉంది. రెండోది ఒళ్లో ఉంది.

“టీ ఆరిపోతాండాది, తాగిపో అంటి,” అంది అత్త. “పలకలా. ఇన్నేండ్లలో నేను చెప్పినదానికి పలకకుండా ఎప్పుడన్నా ఉండినాడా? నువ్వే చెప్పమ్మా.”

ఎప్పుడూ లేరు. ఆమె ఏడవకుండా నా జవాబు కోసం చూస్తోంది. వీధి చివరి డాక్టరు వచ్చి, చెయ్యి పట్టుకు చూసి, “పోయినాడమ్మా” అన్నాక కూడా ఆమె చూపు నా మీదే ఉంది. ముందురోజు సాయంత్రం ఈ మనిషే మా గేటు దగ్గర నిలబడి, “రేపు బడికి వస్తాండావా? కుదరదంటే ఇప్పుడే చెప్పు” అని అడిగారు. వస్తానన్నాను. “రేపు బడికి వస్తాండావు,” అని నా మాట నాకే అప్పజెప్పి లోపలికి పోయారు. గేటు దగ్గరి మనిషీ కుర్చీలోని మనిషీ ఒకరేనని నాకు ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆయన మాకు చుట్టం కాదు. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి, రిటైరయ్యాక అనంతపురంలో మా పక్క ఇల్లు కొనుక్కున్నారు. వాళ్లు ముస్లిములు. మా వైపు ఇరుగుపొరుగు వావి కలుపుకునేటప్పుడు మతం అడ్డం రాదు. వచ్చిన మొదటి రోజే నీళ్ల ట్యాంకరు దగ్గర మా అమ్మను ‘అక్కా’ అన్నారు. దాంతో నాకు మామ అయిపోయారు.

చెప్పిన మాటను తిరిగి చెప్పడం ఆయన అలవాటు. రైల్వేలో పక్క స్టేషన్ నుంచి ఫోనులో ‘లైన్ క్లియర్’, అంటే దారి ఖాళీ, బండి వదలొచ్చు అని వచ్చినా, ఇంకే మాట వచ్చినా, విన్నవాళ్లు దాన్ని తిరిగి అప్పజెప్పాలట. అప్పుడే అది చేరినట్టు లెక్క. ఉద్యోగం ముగిసినా ఆ అలవాటు పోలేదు. “మామా, కొత్తిమీర తెండి” అంటే, “అంగడికి పోతాను, కొత్తిమీర తెస్తాను” అని చెప్పి గానీ గేటు దాటేవారు కాదు. మనం ‘సరే’ అంటే ఒప్పుకునేవారూ కాదు. “సరే అనేది జవాబు కాదమ్మా. ఏంది సరే? నేను చెప్పింది నీకు యాడిదాకా చేరిందో నాకెట్ల తెలుస్తాది?”

అత్త దీని మీద ఒక కథ చెప్పేది. “నిఖా రోజు ఖాజీ సాబ్ అడిగినాడు, ఫలానా వాళ్ల బిడ్డ నీకు కబూలేనా అని. ఎవరైనా కబూల్ అని ఊరుకుంటారు. ఈయప్ప ఏం జేసినాడు? ఖాజీ సాబ్ చెప్పిందంతా, మా నాయన పేరు, మా తాత పేరు, అంతా తిరిగి అప్పజెప్పి అప్పుడు కబూల్ అనె. మా నాయన భయపడిపాయ, పిల్లోనికి చెవుడేమోనని.”

“చెవుడు కాదు, లైన్ క్లియర్,” అనేవారు మామ, పేపర్లోంచి తల ఎత్తకుండా.

నేను అనుమానం మనిషిని. తాళం వేసి, లాగి చూసి, బస్టాపు దాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చే రకం. పాఠం చెప్తున్నప్పుడు కూడా ‘కావచ్చు’, ‘అనిపిస్తుంది’ అని ఎక్కువగా అంటానని కాలేజీలో పిల్లలు నవ్వుకుంటారు. ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. నవ్వనిదీ విసుక్కోనిదీ మామ ఒక్కరే. “అనుమానం రోగం కాదమ్మా. మా కాడ అది డ్యూటీ,” అన్నారొకసారి. ఆ మాట నాకెంత నెమ్మదినిచ్చిందో ఆయనకు చెప్పానా? చెప్పాననే అనుకుంటున్నాను. గుర్తు లేదు.

ఊరి బయట, ఉరవకొండ పోయే దారి వైపు, చూపు లేని ఆడపిల్లల హాస్టలు బడి ఒకటుంది. ఆదివారాలు నేను అక్కడికి వెళ్లి పాఠాలు చదివి వినిపిస్తాను. మూతపడిన ఒక పార్కులోని పిల్లల రైలును ఎవరో దాత కొని ఆ బడికిచ్చారు. మూరెడు వెడల్పు పట్టాలు, బ్యాటరీతో నడిచే రెండు బుల్లి ఇంజన్లు, ఒక్కోదానికి నాలుగు పెట్టెలు. బడి వెనక ప్రహరీకీ హాస్టలుకూ మధ్య ఒక రాళ్ల గుట్ట ఉంది. హాస్టలు పక్కన ఒక స్టేషను, గుట్ట అవతల ఇంకొక స్టేషను కట్టారు. స్టేషన్లో బండ్లు తప్పుకోవడానికి రెండేసి లైన్లున్నాయి గానీ, మధ్యలో మాత్రం ఒక్కటే లైను, గుట్టను చుట్టుకుని పోతుంది. ఇటు నుంచి ఒక బండీ అటు నుంచి ఒక బండీ ఒకేసారి బయల్దేరితే ఆ మలుపులో గుద్దుకుంటాయి. ఒక బండిని పీటీ సారు నడుపుతారు, ఇంకోదాన్ని వాచ్‌మన్ నడుపుతాడు. వాళ్లకు చూపుంది. అయినా గుట్ట అవతల ఏముందో వాళ్లకూ కనపడదు.

మామను అక్కడికి తీసుకువెళ్లింది నేనే. ఇంజన్ల వైపు చూడకుండానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “స్టేషన్ మాస్టరు ఎవరు?”

హెడ్మాస్టరుకు అర్థం కాలేదు. “పిల్లలు ఎక్కి తిరుగుతారు సార్,” అన్నారు.

“ఎక్కేది ఎవరైనా ఎక్కుతారప్పా. బండిని పంపేది ఎవరు? ఈ పిల్లోల్లకే నేర్పిస్తా. దానికి చూపుతో పనేముండాది? మేమేమన్నా పక్క స్టేషన్ను చూసి బండి వదులుతాంటిమా? మాట విని వదులుతాంటిమి.”

ఆ రోజు నుంచి ఆయన పాత ఫోన్ల వెంట పడ్డారు. గుంతకల్లు పాతసామాన్ల అంగళ్లలో తిరిగి తిరిగి రెండు సంపాదించారు. చెక్కపెట్టె, దాని నెత్తిన రెండు గంటలు, పక్కన తిప్పే పిడి, నల్లటి బరువైన రిసీవరు. పిడి తిప్పితే అవతలి పెట్టె మీద గంట మోగుతుంది, అంతే. అంకెలు లేవు, తెర లేదు. వాకీటాకీలు కొందామని హెడ్మాస్టరు అన్నారు. నేనూ ఆయన్నే సమర్థించాను.

“దీని సంగతి చేతికి తెలుస్తాదమ్మా,” అన్నారు మామ. “లైను బాగుంటే పిడి బరువుగా తిరుగుతాది. తీగ తెగిందనుకో, చెయ్యి తేలిపోతాది. నీ సెల్లులో చేతికి ఏం తెలుస్తాది?” నా చెయ్యి పిడి మీద పెట్టి తిప్పించారు. తర్వాత తీగ ఊడదీసి మళ్ళీ తిప్పించారు. నిజమే, తెలిసింది.

పాతకాలం పద్ధతిలో ఒక్క తీగే లాగారు. రెండో తీగ చేసే పని భూమి చేస్తుందట. రెండు స్టేషన్ల దగ్గరా గుంత తవ్వి, ఇనుప పైపు పాతి, బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చి, పెట్టె నుంచి తీగ తెచ్చి పైపుకు బిగించారు. అప్పుడే నాలుగు వానలు పడ్డాయి. గంట మొదటిసారి మోగినప్పుడు హాస్టలు వైపు నుంచి పిల్లల కేకలు గుట్ట దాటి వినిపించాయి. వన్నూరమ్మ అనే పిల్ల అప్పుడు తొమ్మిదో తరగతి. ఆమె హాస్టలు స్టేషన్‌కు మాస్టరయింది. గుట్ట స్టేషన్లో మామ కూర్చున్నారు.

ఎండలు ముదిరాక ఫోను మూగబోయింది. మామ బ్యాటరీలు మార్చారు. తీగను ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి చూశారు. పెట్టెలు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించారు. ఒక ఆదివారం మోగేది, ఇంకో ఆదివారం మోగేది కాదు. కారణం ఆయనకే అంతుపట్టలేదు. ఆ రోజుల్లో కూరలో ఉప్పు లేకపోయినా చెప్పకుండా తిని లేచిపోయేవారని అత్త నాతో అంది.

“మామా, ఒకటి చెప్తా, నవ్వగూడదు,” అంది వన్నూరమ్మ ఒక రోజు.

“నవ్వను, చెప్పు.”

“సంగటి చేసిన రోజు గంట బాగా మోగుతాంది.”

మామ నవ్వేశారు. నేనూ నవ్వాను.

“నవ్వనని చెప్పి నవ్వుతాండావే! ముసలోనికి మాట నిలకడ లేదు.”

“సంగటి చేసిన రోజు గంట బాగా మోగుతాంది,” అని మామ అలవాటు చొప్పున అప్పజెప్పారు. అప్పజెప్పే సగంలోనే ఆయన నవ్వు ఆగిపోయింది. లేచి వంటింటి వెనక్కి పోయారు. రాగిసంగటి గిన్నెలు అడుగంటితే ఒక పట్టాన వదలవు. ఆ రోజు నీళ్లు నిండా పోసి నానబెట్టి తోముతారు. ఆ నీళ్లు పైపు పాతిన గుంత పక్కగా పారుతాయి. మామ గుంత దగ్గర చతికిలబడి, తడి మట్టి పిడికిట్లోకి తీసుకుని చూసుకున్నారు.

“మన్ను తడిగా ఉంటేనే కరెంటు పారేది. భూమికి దప్పికైతే మాట యాడిది?” అన్నారు. “సర్వీసంతా స్టేషన్లోనే చేస్తి. ఆడ ఇట్లాంటి గుంతలకు నీళ్లు పోసే పని వేరే డిపార్ట్‌మెంటోల్లది. ఎవరు పోసినారో, ఎప్పుడు పోసినారో, ఒక్కరోజన్నా నేను తిరిగి చూస్తినా!”

నీళ్లు కొనుక్కునే బడిలో నేలకు నీళ్లు పోసేదేమిటని వంటమనిషి కోప్పడింది. పిల్లలే మాట్లాడుకుని, ముఖాలు కడిగిన నీళ్లు పట్టి ఉంచి రెండు గుంతలకూ మోయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఎండాకాలంలోనూ ఫోను ఆగలేదు.

ఒక్కరోజు ఆగింది. ఆ రోజు బడికి విరాళాలిచ్చే పెద్దలు వచ్చారు. వాళ్లను బండి ఎక్కించి గుట్ట చుట్టూ తిప్పుదామని హెడ్మాస్టరు ఉత్సాహపడ్డారు. చివరి పెట్టెలో నేనూ కూర్చున్నాను. వన్నూరమ్మ పిడి తిప్పింది. మళ్ళీ తిప్పింది.

“చెయ్యి తేలిపోతాంది సార్. అవతల మోగడం లేదు.”

“పోనీలే పాపా, ఆ పక్క బండి కదల్లేదులే. వదులు,” అన్నారు హెడ్మాస్టరు.

“మాట రాలేదు సార్. పంపను.”

“నేను చెప్తాండా కదా.”

“మీరు ఈ పక్క ఉండారు సార్. చెప్పాల్సింది ఆ పక్క ఉండేవాళ్లు.”

పెద్దలు ఎండలో కూర్చుని గొడుగులు తెప్పించుకున్నారు. ఆ పిల్లది మొండితనమేమో అని నాకూ అనిపించింది. కొంతసేపటికి మామ చెమటలు కారుతూ గుట్ట చుట్టూ నడిచి వచ్చారు. మేకలు తీగను తెంపేశాయట. ఆయన మమ్మల్నెవరినీ చూడలేదు. నేరుగా పోయి వన్నూరమ్మ ముందు నిలబడి, “గుట్ట స్టేషన్ నుంచి చెప్తాండా. తీగ తెగింది. బండి నా కాడ నిలబడుండాది. లైన్ క్లియర్,” అన్నారు. ఆమె ఆ మాటలన్నీ తిరిగి చెప్పి, అప్పుడు బండి వదిలింది.

“లైను ఖాళీగానే ఉండింది కదా మామా,” అన్నాను తర్వాత. “అంతమందిని ఎండలో...”

“ఖాళీ అని నీకు ఎప్పుడు తెలిసింది?”

“మీరు వచ్చి చెప్పాక.”

“మరి?” అన్నారు. “మౌనం అర్ధాంగీకారమంటారు మీ చదువుకున్నోల్లు. పెండ్లిచూపుల్లో ఏమో గానీ, రైల్లో కాదు. మాట రాలేదంటే ఆగమని,” అన్నారు.

పెద్దలు మొహాలు ముడుచుకుని వెళ్లిపోయారు. హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు, పాపం, బడి నడవాలి కదా. ఆ సాయంత్రం ఆయన మామతో తేల్చి చెప్పేశారు. గుట్ట స్టేషన్లో మామ కూర్చున్నంత కాలం వన్నూరమ్మ మాస్టరుగా ఉండొచ్చు. మామ రావడం మానేస్తే పీటీ సారే చూసుకుంటారు, పిల్లలు ఎక్కి తిరగడం వరకే. మామ ఆ మాటను కూడా యథాతథంగా తిరిగి చెప్పారు. గది బయట వన్నూరమ్మ వింటూనే ఉంది.

ఆ పిల్లకు అదెంత పెద్ద సంగతో నాకు ముందు తెలియదు. బ్రెయిలీ పుస్తకం ముందు పెట్టుకుని ఒకసారి తనే అంది. “చిన్నప్పటి నుంచి అందరూ నన్ను యాడికో ఒక తావుకు పంపుతానే ఉండారు అక్కా. అత్తోళ్ల ఇంటికి పో, హాస్టలుకు పో, లోపలికి పో. నేను పంపేది ఈ బండి ఒక్కటే.” ఆ ఒప్పందం తర్వాత ప్రతి ఆదివారం మేము బయల్దేరేటప్పుడు ఫోను పక్కనే నిలబడి అడిగేది. “వచ్చే ఆదివారం వస్తావు కదా, ముసలోడా?” మామ, “వచ్చే ఆదివారం వస్తా,” అనేవారు. పోవడానికి ముందు ఆదివారం కూడా అన్నారు.

మామ పోయిన రోజు మధ్యాహ్నపు జొహర్ నమాజు అయ్యాక మగవాళ్లు ఆయన్ని ఎత్తుకుని వెళ్లారు. ఆడవాళ్లం గుమ్మం దగ్గరే ఆగిపోయాం. పొద్దున బూటు వేసుకుంటున్న మనిషి మధ్యాహ్నానికి వీధి మలుపులో తెల్లటి గుడ్డగా మిగలడం ఏమిటో, అక్కడ నిలబడ్డ ఎవరికీ అర్థమైనట్టు లేదు. అత్త ఒక్కసారిగా నా చెయ్యి పట్టుకుంది.

“ఆదివారం కదమ్మా. ఆ పిల్లోల్లు కాచుకోనుంటారు. నువ్వు పో.”

ఆటోలో పోయాను. హెడ్మాస్టరుకు కబురు ముందే అందింది. పిల్లలకు చెప్పలేకపోయారు. “బండి ఊరికే ఒక చుట్టు తిప్పుదామంటే ఆ పిల్ల ఒప్పుకోదమ్మా,” అన్నారు, నా మొహం చూడకుండా. “గుట్ట స్టేషన్ నుంచి జవాబు లేదంటాంది. అన్నానికి కూడా లేయలేదు. మీరు చెప్పండి.”

దూరం నుంచి వన్నూరమ్మ కనిపించింది. బెంచీ మీద నిటారుగా కూర్చుని ఉంది, ఒక చెయ్యి పిడి మీద. నేను నేరుగా ఆమె దగ్గరికే పోవాల్సింది. కాళ్లు అటు పోలేదు. ప్రహరీ వెంట నడిచి గుట్ట వెనక్కి పోయాను. రేకుల కప్పు కింద ఫోను మోగుతోంది. పక్కనే ఆగి ఉన్న ఇంజను మీద వాచ్‌మన్ తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు.

“పొద్దున్నుంచి మోగుతానే ఉండాదమ్మా,” అన్నాడు. “ఎత్తితే చెప్పాల కదా. నాకు నోరు రాల్యా.”

రిసీవరు ఎత్తాను. “గుట్ట స్టేషన్,” అన్నాను.

“అక్కా? నువ్వేంటికి ఆడుండావు? మామ యాడ?”

ఇట్లాంటి మాటలు నెమ్మదిగా, చుట్టూ తిప్పి చెప్పాలంటారు. నాకు ఒక్క వాక్యమే వచ్చింది. “మామ ఈ పొద్దున చనిపోయారు.”

అవతల ఏమీ వినపడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను. పోలేదు, ఊపిరి వినపడుతోంది. చాలాసేపటికి, ఆయన నేర్పిన పద్ధతిలో, ఒక్క మాటా తప్పిపోకుండా వన్నూరమ్మ అప్పజెప్పింది.

“మామ ఈ పొద్దున చనిపోయినాడు.”

పొద్దున్నుంచి చూసినదంతా అప్పుడు నాకు చేరింది. 

“అక్కా,” అంది. “హెడ్మాస్టరు సారు వచ్చి నా పక్కనే నిలబడినాడు. అడగమంటాండాడు. ఇంక గుట్ట స్టేషన్లో ఉండేది ఎవరని.”

ఏ పనికైనా రెండుసార్లు ఆలోచించి మూడోసారి మానుకునే దాన్ని. ఆరోగ్యం, పరీక్ష పేపర్లు, ఇంట్లో పనులు, అన్నీ గుర్తొచ్చాయి. నేను దీనికి తగుదునా అనే అనుమానం కూడా వచ్చింది, రాకుండా ఎట్లా ఉంటుంది.

“నేనుంటాను,” అన్నాను. “ప్రతి ఆదివారం.”

“నువ్వుంటావు. ప్రతి ఆదివారం,” అందామె. ఆ మాట నాకు చెప్తోందో, పక్కనున్న ఆయనకు చెప్తోందో తెలియలేదు. తర్వాత, “హాస్టలు స్టేషన్ నుంచి అడుగుతాండా. లైన్ క్లియరా?”

“ఉండు,” అన్నాను. రిసీవరు బల్ల మీద పెట్టి బయటికి పోయాను. వాచ్‌మన్ బండి పక్క లైనులోనే ఉంది, చక్రం మీద చెయ్యి పెట్టి మరీ చూశాను. మలుపు దాకా నడిచి చూశాను. మళ్ళీ వచ్చి వాచ్‌మన్‌ను నోటితో అడిగాను. వన్నూరమ్మ అంతసేపూ ఫోనులోనే ఉంది.

“లైన్ క్లియర్.”

“లైన్ క్లియర్. బండి వదుల్తాండా.”

పట్టాల్లో సన్నటి చప్పుడు మొదలైంది. బండరాళ్ల మధ్య నుంచి మొదట పీటీ సారు తల కనిపించింది, తర్వాత పెట్టెలు. అన్ని పెట్టెల్లోనూ పిల్లలున్నారు. వన్నూరమ్మ వాళ్లకేం చెప్పిందో, ఎట్లా చెప్పిందో తెలియదు. హిందువుల పిల్లలు, ముస్లిముల పిల్లలు, క్రైస్తవుల పిల్లలు, అందరూ చున్నీలు తలల మీదికి కప్పుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎండలో నా వైపు మెల్లగా వస్తున్నారు.